కొండలు, చంద్రుడు ఒకే ఫోటోలో రావాలంటే ఏం చేయాలి?

కొండగాలి
అందరికీ నమస్కారం. పౌర్ణమి రాత్రుల్లో కొండల మీద చంద్రుడు ఉండేలా ఫోటోలు తీయాలని ప్రయత్నిస్తున్నాను. కొండలు కనిపించేలా ఎక్స్‌పోజర్ పెడితే చంద్రుడు మచ్చ కూడా లేకుండా తెల్లగా కాలిపోతున్నాడు. చంద్రుడి మచ్చలు తెలిసేలా తగ్గిస్తే కింద కొండ ఉందో లేదో కూడా తెలియనంత నలుపు. కంటికి మాత్రం రెండూ హాయిగా కనిపిస్తున్నాయి. ఇంకోటి, ఎదురుగా అంత పెద్దగా ఉన్నవాడు ఫోటోలో చుక్కంత అయిపోతున్నాడు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 24-70, 70-200 లెన్సులు, ట్రైపాడ్ ఉన్నాయి. సెట్టింగ్స్‌లో ఏం మార్చుకోవాలో చెప్పగలరా?

త్రిపాదం
ఇది సెట్టింగ్స్‌తో తేలే విషయం కాదండి. చంద్రుడు మనకు రాత్రి కనిపిస్తాడు గానీ అక్కడ ఉన్నది పట్టపగలు. నేరుగా ఎండ పడుతున్న రాయి అది. కాబట్టి దానికి పగటి ఎక్స్‌పోజరే కావాలి. బాగా పైకెక్కిన నిండు చంద్రుడికి ఎఫ్/11 (అపెర్చర్, అంటే లెన్సు రంధ్రం), ఐఎస్ఓ 100 (సెన్సార్ సున్నితత్వం), 1/100 సెకను షట్టర్. ఫిల్మ్ రోజుల నుంచి వాడుకలో ఉన్న ‘లూనీ 11’ లెక్క ఇదే.

మీ కొండల మీద పడుతున్నది ఎండ కాదు, వెన్నెల. నిండు వెన్నెల ఎండ కన్నా సుమారు నాలుగు లక్షల రెట్లు తక్కువ. ఆ వెన్నెలలో నేలను పగటి ఫోటో అంత వెలుగ్గా తీయాలంటే ఎఫ్/2.8, ఐఎస్ఓ 800 దగ్గర 15 సెకన్ల దాకా పడుతుంది. అదే అపెర్చర్, అదే ఐఎస్ఓ దగ్గర చంద్రుడికి 1/12,800 సెకను చాలు. తేడా 17 స్టాపులకు పైనే (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు లేదా సగం అవుతుంది). మంచి సెన్సార్ కూడా కనిష్ఠ ఐఎస్ఓలో 14 స్టాపుల దగ్గర ఆగిపోతుంది, ఐఎస్ఓ పెంచేకొద్దీ అదీ తగ్గుతుంది. మీ కన్ను చంద్రుణ్ణి చూసినప్పుడు ఒకలా, కొండను చూసినప్పుడు ఇంకోలా సర్దుకుంటోంది. కెమెరాకి ఒక్కసారే అవకాశం.

అందుకని నడిరాత్రి ఒకే క్లిక్‌లో రెండూ తీయాలన్న ఆలోచన వదిలేయండి. నేల మీద ఆకాశపు వెలుగు ఇంకా మిగిలి ఉన్నప్పుడే వెళ్లండి.

నీలిసంధ్య
పై మాట మీద ఇంకాస్త చెప్తాను, ఎందుకంటే చాలామంది పౌర్ణమి తేదీ చూసుకుని బయల్దేరి, చీకటి పడ్డాక కెమెరా తీస్తారు.

పౌర్ణమి రోజు చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయం వేళకే ఉదయిస్తాడు. ఆ తర్వాత రోజుకి సగటున 50 నిమిషాల చొప్పున ఆలస్యం అవుతూ పోతాడు. అంటే ముందు రోజు, చతుర్దశి నాడు, సూర్యుడు కుంకే సమయానికే చంద్రుడు ఓ పది డిగ్రీలు పైకి వచ్చి ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు, అదే కొలత. ఆ రోజు కూడా కంటికి నిండుగానే కనిపిస్తాడు.

సూర్యుడు దిగిన తర్వాత వెలుగు ఎంత వేగంగా పడిపోతుందో మీటరు పెట్టి చూస్తే తెలుస్తుంది. అస్తమయం దగ్గర నేల మీద కొన్ని వందల లక్స్ (వెలుగు కొలత) ఉంటుంది. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందకి చేరేసరికి సుమారు 3 లక్స్ మిగులుతుంది. భూమధ్యరేఖకి దగ్గరి ప్రాంతాల్లో ఈ మొత్తం 20-25 నిమిషాల్లో జరిగిపోతుంది, అంటే మూడు నాలుగు నిమిషాలకి ఒక స్టాప్ పోతున్నట్టు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ సంధ్య సాగుతుంది, కాస్త తీరిక దొరుకుతుంది. చంద్రుడి వెలుగు మాత్రం ఈ లోపల పెద్దగా మారదు, పైకెక్కేకొద్దీ కొంచెం పెరుగుతుంది. మొదట ఆకాశం చంద్రుణ్ణి మింగేస్తుంది, చివరికి చంద్రుడు నేలని మింగేస్తాడు. మధ్యలో రెండూ పొందికగా కూర్చునే పది పదిహేను నిమిషాలు ఉంటాయి. సూర్యుడు 3 నుంచి 6 డిగ్రీల కింద ఉన్న ఆ కాసేపే నేను షట్టర్ నొక్కుతాను. అప్పటికి ఆకాశం నీలంగా, చంద్రుడు పసుపుగా, కొండ ఆకారం, చెట్లు కూడా తెలిసేలా ఉంటాయి.

మీది కొండల ఫ్రేము కాబట్టి ఇంకో లెక్క వేసుకోండి. చంద్రోదయ సమయాలు చదునైన దిగంతానికి ఇస్తారు. ఎదురుగా కొండ 5 డిగ్రీల ఎత్తు ఉంటే చంద్రుడు దాని మీదకి వచ్చేసరికి కనీసం 20 నిమిషాలు ఆలస్యం. ఆ 20 నిమిషాల్లో వెలుగు అంతా పోతుంది. అందుకే కొండలకు చతుర్దశి, చదునైన మైదానానికీ నీళ్లకీ పౌర్ణమి అని నా వరకు పెట్టుకున్నాను. తెల్లవారుజామున లేవగలిగితే ఇదే సంగతి తిరగేసి చూడండి. పౌర్ణమి మర్నాటి ఉదయం చంద్రుడు పడమట ఉండగానే తూర్పు తెల్లవారుతుంది. నాకు ఉదయాలే ఎక్కువ ఇష్టం, రాత్రంతా చల్లబడిన నేల మీద గాలి నిలకడగా ఉంటుంది.

కొండగాలి
చాలా ధన్యవాదాలండి. చతుర్దశి విషయం అసలు ఎప్పుడూ వినలేదు. మరి చంద్రుడు చిన్నగా రావడం సంగతేంటి? దిగంతం దగ్గర ఉన్నప్పుడు నిజంగానే పెద్దగా ఉంటాడు కదా?

దూరంలెక్క
లేదండి, అది మెదడు చూపించే భ్రమ. కొలిస్తే దిగంతం దగ్గర చంద్రుడు కొద్దిగా చిన్నగానే ఉంటాడు, ఎందుకంటే నడినెత్తిన ఉన్నప్పటి కన్నా ఇంచుమించు ఒక భూ వ్యాసార్ధం అంత ఎక్కువ దూరంలో ఉంటాడు. ఎక్కడ ఉన్నా ఆకాశంలో సుమారు అర డిగ్రీయే. భూమికి బాగా దగ్గరికి వచ్చినప్పటికీ బాగా దూరం వెళ్లినప్పటికీ మధ్య వ్యాసంలో 14 శాతం దాకా తేడా ఉంటుంది. ఫోటోలో అది పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. కాబట్టి ‘సూపర్ మూన్’ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

సెన్సార్ మీద చంద్రుడి బొమ్మ ఎంత పడుతుందో నోటి లెక్కలో చెప్పుకోవచ్చు. ఫోకల్ లెంగ్త్‌ని 110తో భాగించండి. 24 మి.మీ. లెన్సుతో 0.2 మి.మీ. మాత్రమే, అందుకే చుక్క. 200తో 1.8 మి.మీ., 400తో 3.6 మి.మీ., 600తో 5.5 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ ఎత్తు 24 మి.మీ. కదా, పోల్చుకోండి.

కానీ చంద్రుడు పెద్దగా కనిపించడానికి లెన్సు ఒక్కటే చాలదు, మీరు నిలబడే దూరమే ముఖ్యం. ఇక్కడా అదే 110. ఏ వస్తువైనా దాని ఎత్తుకి 110 రెట్ల దూరంలోంచి చూస్తే అది చంద్రుడంత కనిపిస్తుంది. మనిషి 1.7 మీటర్లు అనుకుంటే 187 మీటర్లు. 30 మీటర్ల గోపురమో లైట్‌హౌసో అయితే 3.3 కిలోమీటర్లు. దగ్గరికెళ్తే గోపురం పెద్దదైపోయి చంద్రుడు చిన్నబోతాడు. మనిషి వెనక మనిషంత చంద్రుడు ఉన్న ఫోటోలు మీరు చూసి ఉంటారు, అవి నిజంగా తీసినవైతే ఫోటోగ్రాఫరు అంత దూరంలో ఉండి తీసినవే.

ఇలాంటి ఫ్రేముల్లో ఎక్కడ నిలబడాలో చాలా కచ్చితంగా ఉండాలి. 200 మీటర్ల దూరంలో మనిషి ఉంటే, మీరు 1.8 మీటర్లు పక్కకి జరిగితే చంద్రుడు పూర్తిగా ఒక చంద్రుడి వెడల్పు జరిగిపోతాడు. మూడు కిలోమీటర్ల దూరానికి అది 27 మీటర్లు. పైగా చంద్రుడు ఆకాశంలో రెండు నిమిషాలకు తన వెడల్పంత కదులుతాడు. ఉత్తరార్ధగోళంలో ఉదయిస్తూ కుడివైపుకి వాలుగా ఎక్కుతాడు, ఎంత ఉత్తరానికి వెళ్తే అంత ఏటవాలు. ట్రైపాడ్ చంకన పెట్టుకుని ఎడమవైపు పరిగెత్తడానికి ఖాళీ ఉన్న చోటు చూసుకోండి.

కొండగాలి
200 మి.మీ. సరిపోతుందా మరి? పెద్ద లెన్సు కొనే ఆలోచన ఇప్పట్లో లేదు. ఇంకో అనుమానం, కొండ మీద ఫోకస్ చేయాలా, చంద్రుడి మీదా?

త్రిపాదం
కొండలకు 200 చాలండి. 1.8 మి.మీ. అంటే వెడల్పులో ఇరవయ్యో వంతు. విశాలమైన ల్యాండ్‌స్కేప్‌లో చంద్రుడు అంత ఉంటే చాలా అందంగా ఉంటుంది, ఫ్రేమంతా చంద్రుడే ఉంటే కొండకి చోటెక్కడ? 70-100 మధ్య కూడా తీసి చూడండి. పెద్ద చంద్రుడి మోజులో పడి నేలని మర్చిపోయే ఫోటోలే ఎక్కువ కనిపిస్తున్నాయి ఈమధ్య.

ఫోకస్ విషయం. 200 మి.మీ., ఎఫ్/8 దగ్గర హైపర్‌ఫోకల్ దూరం సుమారు 170 మీటర్లు. అక్కడ ఫోకస్ చేస్తే 85 మీటర్ల నుంచి చంద్రుడి దాకా అన్నీ స్పష్టం. కొండ అంతకన్నా దూరమే కాబట్టి కొండ అంచు మీద లైవ్ వ్యూలో పెద్దది చేసి చూసి, మాన్యువల్ ఫోకస్‌లో ఉంచేయండి. 400 అయితే ఇదే లెక్క 670 మీటర్లు అవుతుంది, 600కి ఒకటిన్నర కిలోమీటరు. దూరంలెక్క గారు చెప్పిన మనిషి ఫోటో 600తో తీస్తే మనిషి, చంద్రుడు రెండూ ఒకేసారి పూర్తి షార్ప్‌గా రావు. మనిషి మీదే ఫోకస్ పెట్టండి, చంద్రుడు కాస్త మెత్తగా ఉన్నా కన్ను ఒప్పుకుంటుంది.

షట్టర్ ఎక్కువసేపు తెరవకండి. భూమి తిరగడం వల్ల చంద్రుడు సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) కదులుతాడు. 200 మి.మీ.కి, 4 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న సెన్సార్‌కి, పావు సెకనులో ఒక పిక్సెల్ దాటేస్తాడు. 400కి 1/8 సెకను. దానికి రెట్టింపు దాకా పర్లేదు, ఆ తర్వాత మచ్చలు అలికేసినట్టు అవుతాయి. వెలుగు తగ్గేకొద్దీ షట్టర్ కాదు, ఐఎస్ఓ పెంచండి. రెండు సెకన్ల టైమర్, ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆఫ్, రా ఫైలు (సెన్సార్ ఇచ్చిన ముడి ఫైలు). హిస్టోగ్రామ్‌ను (ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) నమ్మకండి, అంత చిన్న చంద్రుడు అందులో కనిపించడు. తెల్లగా కాలిపోయిన చోటు మిణుకుతూ చూపే హైలైట్ హెచ్చరిక ఆన్ చేసి చంద్రుడు మిణుకుతున్నాడేమో చూడండి.

రెండోపొర
ఒక్క క్లిక్ అనే పట్టుదల ఎందుకండీ? ట్రైపాడ్ కదపకుండా, అదే ఫోకల్ లెంగ్త్‌తో, నేలకి ఒకటి, చంద్రుడికి ఒకటి వెంటవెంటనే తీసి కలిపితే సరిపోతుంది. సంధ్య దాటాక, నాలుగైదు స్టాపుల తేడా ఉన్నప్పుడు ఇది చాలా సహజంగా వస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. ఎక్కువ ఎక్స్‌పోజర్‌లో చంద్రుడి చుట్టూ వెలుగు వలయం పరుచుకుంటుంది. దాని మధ్యలో గీసినట్టున్న చంద్రుణ్ణి పెడితే అతికించినట్టు కనిపిస్తుంది. మధ్యలో ఇంకో ఒకటి రెండు ఎక్స్‌పోజర్లు తీసి, అంచుని మెత్తగా కలపాలి. చంద్రుణ్ణి నేలకన్నా రెండు మూడు స్టాపులు వెలుగ్గానే ఉంచండి. మచ్చలన్నీ బూడిదరంగులో తేలిపోయేలా తగ్గిస్తే రాత్రి అన్న భావనే పోతుంది.

మసకవెలుతురు
అలా కలపడం వరకు నాకు అభ్యంతరం లేదు. కానీ 24తో తీసిన కొండ మీద 600తో తీసిన చంద్రుణ్ణి తెచ్చి పెట్టి, ఆ విషయం చెప్పకుండా ల్యాండ్‌స్కేప్ ఫోటో అని పెట్టడం నాకు బాధగా ఉంటుంది. చీకటిలో, చలిలో నిలబడి నిజంగా తీసినవాళ్ల ఫోటో దాని పక్కన చిన్నగా కనిపిస్తుంది.

పైగా చూడగానే తెలిసిపోతాయి. నిండు చంద్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కున ఉంటాడు, అస్తమిస్తున్న సూర్యుడి ఎర్రటి కాంతి పక్కనే నిండు చంద్రుడు ఉండటం జరగని పని. నెలవంక వెలిగే వైపు సూర్యుడు దిగిన వైపుకే ఉండాలి. నెలవంక చీకటి భాగంలో నక్షత్రాలు ఉన్న బొమ్మలు, మబ్బుల ముందు చంద్రుడు ఉన్న బొమ్మలు కూడా చూశాను. ఇంకొన్ని బొమ్మల్లో నిశ్చలంగా ఉన్న నీళ్లలో ఆకాశం ఉంటుంది, చంద్రుడు ఉండడు.

రెండోపొర
చెప్పకుండా పెట్టడం తప్పేనండి, అందులో మీతో ఏకీభవిస్తాను. ‘రెండు ఎక్స్‌పోజర్లు, ఒకే చోటు, ఒకే లెన్సు’ అని నేను ప్రతి ఫోటో కింద రాస్తాను. కల్పన అని చెప్పి చేసే బొమ్మ వేరే కళ, దాన్ని కూడా గౌరవిస్తాను. అయితే ఒక్క క్లిక్ ఫోటో ఏ మార్పూ లేని సత్యం అన్నట్టు మాట్లాడటం మాత్రం సరికాదు. రా ఫైలు తెరిచి నీడలు పైకి లాగడం కూడా మార్పే.

త్రిపాదం
ఈ చర్చకి అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో’ కన్నా మంచి ఉదాహరణ లేదు. 1941లో తీసింది. నల్లటి ఆకాశం, చంద్రుడు, దూరాన మంచు కొండలు, కింద చిన్న ఊరు, స్మశానంలో మెరుస్తున్న తెల్లటి శిలువలు. చూసినవాళ్లు రాత్రి ఫోటో అనుకుంటారు. నిజానికి శిలువల మీద మెరుస్తున్నది వెన్నెల కాదు, సాయంత్రపు చివరి ఎండ. పడమట సూర్యుడు ఇంకా ఉన్నాడు. ఆడమ్స్‌కి ఆ హడావుడిలో లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకి 250 క్యాండిళ్లు అన్నది గుర్తుంది కాబట్టి దాని మీద లెక్క కట్టి ఎక్స్‌పోజర్ పెట్టారు. ఒక్కటే నెగటివ్. రెండోది తీసేలోపు శిలువల మీద ఎండ పోయింది.

ఆకాశాన్ని అంత నల్లగా చేసింది డార్క్‌రూమ్‌లో. ఏళ్లు గడిచేకొద్దీ ఆయన ప్రింట్లలో ఆ ఆకాశం ఇంకా ఇంకా చీకటి అయింది. అంటే మసకవెలుతురు గారు చెప్పేదీ ఉంది, రెండోపొర గారు చెప్పేదీ ఉంది అందులో. చంద్రుడు ఉన్నచోటే ఉన్నాడు, ఉన్నంతే ఉన్నాడు. తేదీ ఆయన రాసి పెట్టుకోలేదు. దశాబ్దాల తర్వాత ఖగోళ లెక్కలు కట్టినవాళ్లు ఆ చంద్రుడు ఉన్న చోటుని బట్టే 1941 నవంబరు 1 సాయంత్రం అని తేల్చారు. చంద్రుణ్ణి జరిపి ఉంటే ఆ లెక్క కుదిరేదా?

మసకవెలుతురు
ఈ సంగతి తెలియదు. చంద్రుడి స్థానమే తేదీ చెప్పడం నిజంగా బాగుంది.

చిన్నతెర
నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. నాలాంటివాళ్లకి దారి ఏమైనా ఉందా?

నీలిసంధ్య
ఉందండి. నైట్ మోడ్ ఆపేయండి, అది నేలని వెలిగించడం కోసం చంద్రుణ్ణి కాల్చేస్తుంది. సంధ్యవేళలోనే తీయండి. తెర మీద చంద్రుణ్ణి నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కిందకి జరిపి వెలుగు తగ్గించండి. టెలిఫోటో కెమెరా ఉంటే అదే వాడండి, వేళ్లతో జూమ్ చేయకండి. చంద్రుడు ఎలాగూ చిన్నగానే వస్తాడు కాబట్టి నీళ్లలో పడే వెలుగు దారినో, చెట్టు ఆకారాన్నో ప్రధానంగా పెట్టుకోండి. సన్నటి మబ్బు అడ్డం ఉన్న రోజు ఫోన్‌కి ఇంకా మంచిది, చంద్రుడికీ ఆకాశానికీ తేడా తగ్గుతుంది.

వెన్నెలదారి
అందరూ చంద్రుణ్ణి ఫ్రేములో పెట్టడం గురించే మాట్లాడుతున్నారు. కొండగాలి గారూ, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. చంద్రుణ్ణి వీపు వెనకో పక్కనో పెట్టుకుని ఆ వెన్నెల పడిన కొండల్ని తీయండి. త్రిపాదం గారు చెప్పిన 17 స్టాపుల తేడా అంతా మాయమైపోతుంది, ఎందుకంటే చంద్రుడు ఫ్రేములోనే లేడు.

నిండు వెన్నెలకి ఎఫ్/2.8, ఐఎస్ఓ 800, 15 సెకన్లు అంటే పగటిలా వస్తుంది. నాకు అది నచ్చదు. ఒక స్టాప్, ఒకటిన్నర స్టాప్ తగ్గించి తీస్తాను, అప్పుడు చూసేవాళ్లకి రాత్రి అని తెలుస్తుంది, నక్షత్రాలూ మిగులుతాయి. అష్టమి నాటి సగం చంద్రుడు వెలుగులో సగం ఉంటాడనుకోకండి, సుమారు పదో వంతే ఉంటాడు. పౌర్ణమినాడు సూర్యకాంతి మన వెనక నుంచి నేరుగా పడుతున్నట్టు ఉంటుంది కాబట్టి చంద్రుడి నేల మీద నీడలు దాక్కుంటాయి. మిగతా రోజుల్లో గుంతల నీడలు వెలుగుని తినేస్తాయి. కాబట్టి అష్టమికి మూడు స్టాపులకి పైగా పెంచాలి.

రంగు విషయంలో కూడా నా అభిప్రాయం చెప్తాను. వెన్నెల నీలం కాదు. ఎండ కన్నా కొద్దిగా ఎరుపు వైపు ఉంటుంది. మసక చీకటిలో మన కన్ను ఎరుపుని కోల్పోయి నీలానికి మొగ్గుతుంది, అందుకే వెన్నెల చల్లగా, నీలంగా అనిపిస్తుంది. డేలైట్ వైట్ బ్యాలెన్స్‌లో (పగటి వెలుగుకి తగ్గ రంగుల సెట్టింగ్) తీసి, తర్వాత కొంచెం చల్లబరచండి, కంటికి కనిపించినంత వరకే. మొత్తం నీలిరంగు పోసేసిన రాత్రులు నాకు నమ్మబుద్ధి కావు.

చిన్నతెర
నెలవంకలో చీకటి భాగం కూడా బూడిదరంగులో కనిపిస్తుంది కదా, అది తీయగలమా?

వెన్నెలదారి
తీయొచ్చు. భూమి మీద పడిన ఎండ చంద్రుడి మీదకి వెళ్లి తిరిగి రావడం వల్ల కనిపించే వెలుగు అది. విదియ, తదియల్లో సాయంత్రం బాగుంటుంది. 200 మి.మీ., ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600, అర సెకను నుంచి సెకను దాకా పెట్టి చూడండి. వెలిగే వంక కాలిపోతుంది, కానీ సన్నగా ఉంటుంది కాబట్టి ఇబ్బందిగా ఉండదు. ఆకాశంలో నీలం ఉండగానే కొండ అంచు మీద ఆ చంద్రుడు దిగుతుంటే అంతకన్నా మంచి ఫ్రేము నాకు తెలియదు.

దూరంలెక్క
ప్రణాళిక గురించి ఒక మాట. ఫోటోపిల్స్, స్టెల్లేరియం లాంటి యాప్‌లలో తేదీ, చోటు ఇస్తే చంద్రుడు ఏ దిక్కున ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటాడో వస్తుంది. నిండు చంద్రుడు సూర్యుడికి ఎదురు కాబట్టి జూన్‌లో తూర్పుకి దక్షిణంగా, డిసెంబరులో తూర్పుకి ఉత్తరంగా ఉదయిస్తాడు. చంద్రుడి కక్ష్య వాలు 18.6 ఏళ్ల చక్రంలో ఊగుతుంది. దాని వల్ల కొన్నేళ్లు ఈ కొసలు ఇంకా దూరం వెళ్తాయి, 2024-25 అలాంటి కాలమే. కిందటేడు తీసిన చోటే నిలబడితే చంద్రుడు అక్కడికే వస్తాడని అనుకోకండి, ప్రతిసారీ చూసుకోండి. నిలబడబోయే చోటుని పగలే ఒకసారి చూసి రండి. గట్లు, రాళ్లు, నీళ్ల అంచులు రాత్రి కనిపించవు, పరిగెత్తేటప్పుడు అసలే కనిపించవు.

కొండగాలి
మీరంతా చెప్పినట్టు చతుర్దశి సాయంత్రం వెళ్లొచ్చాను. 135 మి.మీ., ఎఫ్/8, ఐఎస్ఓ 400, 1/15 సెకను. సూర్యుడు దిగాక ఇరవై నిమిషాలకి తీసినది అన్నిటికన్నా బాగుంది. కొండ మీది చెట్లు విడివిడిగా తెలుస్తున్నాయి, చంద్రుడి మచ్చలు ఉన్నాయి, ఒకే ఫ్రేము. చాలా సంతోషంగా ఉంది. ఒక్కటే టెన్షన్: కొన్ని ఫ్రేముల్లో చంద్రుడికి ఎదురు మూలలో, తలకిందులుగా ఆకుపచ్చ చుక్క ఒకటి వస్తోంది. లెన్సు పాడైందా?

త్రిపాదం
అభినందనలండి! లెన్సుకేం కాలేదు. లెన్సు ముందు యూవీ ఫిల్టర్ (బిగించే చదును గాజు) ఉందా? సెన్సార్ మీద పడిన చంద్రుడి వెలుగు ఫిల్టర్ చదును గాజుకి తగిలి తిరిగొస్తే అలాగే, ఫ్రేము మధ్యబిందువుకి సరిగ్గా ఎదురుగా పడుతుంది. ఫిల్టర్ తీసేసి మళ్లీ తీయండి. అప్పటికీ వస్తే లెన్సు లోపలి గాజుల మధ్య ప్రతిబింబం, చంద్రుణ్ణి ఫ్రేములో కాస్త జరిపితే అది కొండ నలుపులోకి పోతుంది. ఉన్న ఫ్రేముల్లో చుక్క ఆకాశం మీద పడి ఉంటే చెరిపేయొచ్చు, చెట్ల మీద పడితే పక్క ఫ్రేములోంచి ఆ ముక్క తీసుకోండి. ఫోటో ఇక్కడ పెట్టండి, చూస్తాం.